ఆట సభలో వేసిన వేలిముద్ర

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కక్కలేక, మింగలేక. మొన్న ఉప్పల్లో నా పాత విద్యార్థులు నాకు శాలువా కప్పి, "మా గురువుగారు నిప్పులాంటి మనిషి" అన్నారు. నిప్పట, నా బొంద! పళ్లికిలిస్తూ ఫొటో దిగిన నా మొహం చూస్తే నాకే అసహ్యం వేసింది. ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను.

అప్పట్లో నాచారంలో ఒక సంస్థలో శిక్షకుణ్ణి. డిగ్రీలు పూర్తయిన పిల్లలకు, ఊరివాళ్లతో కలిసి అడవిని ఎలా కాపాడాలో, తాగునీటి పథకం ఎలా నడపాలో నేర్పి పల్లెలకు పంపేవాళ్లం. అందులో గ్రామసభ ఒక పాఠం. పిల్లలే సర్పంచులు, పిల్లలే ఊరివాళ్లు. నిజంగా ఉన్న ఒక ఊరి పేరు పెట్టుకుని హాల్లోనే సభ ఆడి, తీర్మానం రాసి, వేలిముద్రలు వేయాలి. ఆరోజు తీర్మానం ఏమిటంటే, గుట్ట మీది అడవికి కంచె వేయడానికీ, లోపలి ఊటనీళ్లు వదులుకుని బోరునీళ్లు తాగడానికీ ఊరు ఒప్పుకుంది అని.

ముసలవ్వ వేషం స్వరూపది. "ఊట ఇడిసిపెట్టం పో!" అని మొండికేసింది. ఆమె యాసకు హాలంతా నవ్వింది, కోస్తా నుంచి వచ్చిన నేనూ నవ్వాను. భోజనాల వేళ దాటిపోతోందని కసిరాను. "ఆటేగా తల్లీ, వేసెయ్!" వేసింది.

ఆ వారమే నేను ఆ ఊరికి వెళ్లి అసలు సభ జరిపించాలి. వెళ్లలేదు. ఎందుకు? జ్వరమా? వానా? ఏమీ లేదు, ఒళ్లు బద్ధకం. పైవాళ్లు తీర్మానం ఏదంటే ఆ ఆట కాగితాన్నే పంపించాను. ఎవడైనా సరిగ్గా చూశాడా? ఒక్కడూ చూడలేదు! కంచె లేచింది. బోరు ఆ వేసవికే ఎండిపోయింది.

ఆ ఊరికే స్వరూపను ఉద్యోగానికి పంపారు. అక్కడ ఫైలు తిరగేసి, బస్సెక్కి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సార్, గీ కాయితంల ముసలవ్వ ఏలిముద్ర నాదే గద? మనం ఆడినదే గద సార్ గిది? ఆడోళ్లు బిందెలు వట్టుకొని కంచె కాడ ఏడుస్తున్నరు."

నేనేమన్నానో తెలుసా? "ముద్ర నీది. నోరెత్తితే జైలుకు పోయేది నువ్వే."

"మీరు ఏయమంటెనే ఏసిన గద సార్," అంది. వెళ్లిపోయింది.

తర్వాత ఊరివాళ్లు, సభే జరగకుండా తీర్మానం ఎక్కడిదని మా ఆఫీసు మీదికి వస్తే, దొంగముద్ర వేసింది ఆ పిల్లేనని చెప్పాను. అవును, నేనే చెప్పాను! ఆమె ఉద్యోగం పోయింది. ఊట అమ్ముకున్నదని ఊరు ఆమెను ఈనాటికీ తిడుతోంది. భయపడి చెప్పానా, లేక ఆ పిల్ల ఏం చేయగలదులే అన్న పొగరుతోనా? రెండూ ఉన్నాయి. అంతకంటే గొప్ప కారణమేదీ వెతికినా దొరకలేదు.

క్షమించమని అడగను, ఆ మొహం నాకు లేదు. ఆ ఊళ్లో సభ జరగనే లేదు. కాగితం పంపింది నేను. స్వరూప ఏ తప్పూ చేయలేదు. హమ్మయ్య, రాశాను, గుండె కాస్త తేలికైంది. చెడింది ఆమె పేరే కాబట్టి ఆ పేరు మార్చకుండా రాశాను. నా పేరు రాయడానికి మాత్రం ఇంకా చెయ్యి రావడం లేదు.