సుద్ద గీసిన అడుగులు

ఆ రోజుల్లో నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే: పచ్చి సిమెంటు మీద పిట్ట కాలు పడిందంటే తిట్లు నాకే. (చదువు ఐదో తరగతితో ఆగింది. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి.) ఒమన్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఇబ్రా అనే ఊరి అవతల ఎండిన వాగులో ఒక చదును బండ చుట్టూ చిన్న ప్రహరీ కట్టమని కంపెనీ మా మేస్త్రి మామనూ నన్నూ పంపింది. (మామ నాకు వరసకేమీ కాడు, మా జగిత్యాలవాడు, అంతే.) ఆ బండ మీద హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసరు మేడమ్ రెండు రోజులుగా వంగి వంగి, రాతిలో అచ్చుపడ్డ పిట్ట అడుగుల గుర్తులు వెతికి, ఒక్కోదాని చుట్టూ తెల్ల సుద్దతో గుండ్రం గీసి నంబరు వేస్తోంది.

మా సైట్లలో ఇంజనీరు సుద్దతో గుండ్రం గీశాడంటే ఒకటే అర్థం: ఇక్కడ పని చెడింది, పూడ్చు. ఆ మధ్యాహ్నం మేడమ్ ఊళ్లోకి వెళ్లింది, మామ నీడలో ఒరిగాడు. గుండ్రాలు పదకొండున్నాయి. ఎవరూ చెప్పకముందే పని చేసి మెప్పు పొందాలని నా ఆశ. సిమెంటు కలిపి, తాపీతో అన్నీ పూడ్చి, అద్దంలా నున్నగా తీర్చి, మీద తడి గోనెలు కూడా కప్పాను.

మేడమ్ వచ్చి గోనె ఎత్తింది. "ఇక్కడి అడుగులేవి?"

"పూడ్చిన మేడమ్. ఇగ కనవడయి" అన్నాను గర్వంగా.

ఆవిడ అరవలేదు. బండ మీద కూలబడింది. మామ లేచొచ్చి తల పట్టుకున్నాడు. "ఓరి పిచ్చోడా, అవి మనుషులు పుట్టకముందు నడిచిన పిట్టలయిరా! ఆ కాలు జూసే ఏది ఏ పిట్టనో మేడమ్ తేలుస్తది."

"గట్లని నాకెవలు చెప్పిన్రు మామా?"

"నువ్వడిగినవా?"

అడగలేదు.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ముగ్గురం నీళ్లు పోస్తూ, నా పళ్ల బ్రష్‌తో (వేరేది లేదు) కడిగాం. పది బయటపడ్డాయి. అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా శ్రద్ధగా పూడ్చిన ఏడో నంబరు మాత్రం ఎండకు గట్టిపడింది. ఊడదీస్తే వెనక వేలి గుర్తు పెచ్చుతో సహా వచ్చేసింది. వెనక వేలు తేటగా ఉన్నది అదొక్కదానికేనట. అది ఉంటేనే మేడమ్ ఏ రకం పిట్టో చెప్పగలదట. ఎండ వాలాక నీడ పడితే గుర్తులు బాగా కనిపిస్తాయని ఫోటోలు సాయంత్రానికి ఆపుకుందట.

మేడమ్ పుస్తకంలో ఏదో రాసింది.

"ఏం రాసిన్రు మేడమ్?"

"ఏడో నంబరు, ఏ రకమో తెలియదు అని."

"నా పేరు గిట్ల రాసిన్రా?"

"లేదు తమ్ముడూ. దెబ్బతింది అని రాశానంతే."

తిట్టినా బాగుండేది. చేతిలోని బ్రష్ వంకే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు అదే ఒమన్‌లో, అల్ హైల్ అనే ఊళ్లో నేనే మేస్త్రిని. పచ్చి స్లాబు మీద పావురం నడిస్తే మావాళ్లు తాపీ పట్టుకుని ఉరుకుతారు. "ఆగుండ్రి" అని మోకాళ్ల మీద కూర్చుని, ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి చూసుకుంటాను.

"ఏం జూస్తున్నవే అన్నా?" అంటారు. సిగ్గేసి చెప్పను. ఆనాటి శ్రద్ధగల పనివాణ్ణి తలుచుకుని లోపలే నవ్వుకుంటూ, నేనే పూడుస్తాను. వెనక వేలు మాత్రం అన్నిటికన్నా ఆఖరున.