పక్క తెర వెనక మా చిన్నాయన

పోయిన నెల మా ఊరు బైరకూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, చిన్నాయన పోయినాడు. పొద్దున కాఫీ తాగి గోడకు ఆనుకుని కూసున్నోడు, అట్లే పోయినాడు." ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోవడం ఆయనకే చెల్లింది.

మా చిన్నాయన రాగి పండించే రైతు. ఊళ్లో నాటకం ఆడితే మాత్రం పక్క తెర వెనక పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. వేషగాళ్లు మరిచిపోయిన మాట మెల్లగా అందించేవాడు. ఊరు వేషాలను మెచ్చుకునేది. వెనక ఈయన ఉన్నాడని ఎరిగింది వేషగాళ్లే.

ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. వంటింట్లో అమ్మ ఏదో పేరు గుర్తురాక తడుముకుంటే, వసారాలోంచి ఆ పేరు వినిపించేది. మా నాయన పోయిన రోజు, వచ్చినవాళ్లతో ఏం మాట్లాడాలో తెలియక నేను బిగుసుకుపోయాను. చిన్నాయన నా వెనకే నిలబడి, "కూచోమని చెప్పప్పా... నీళ్లు తాగినారా అని అడుగు" అంటూ ఒక్కో మాటా అందించాడు. ఆ పూట నన్ను నిలబెట్టింది ఆయనే.

నేను కేజీఎఫ్‌లో పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. ఒకసారి పాఠంలో 'అబ్‌స్క్యూరిటీ' అనే మాట వచ్చింది. నిఘంటువు చీకటి అంది, అజ్ఞాతం అంది, ఎవరికీ తెలియకపోవడం అంది. నాకు మనసొప్పలేదు. చిన్నాయన కూర్చున్న చోట చీకటెక్కడిది? అక్షరాలు కనపడాలని నెత్తిమీద బల్బు వెలుగుతూ ఉండేది. చూసేవాళ్లకు ఆయన కనపడడు, అంతే. పిల్లలకు అదే చెప్పాను.

నాటకం పోస్టర్లో ఆయన పేరు కూడా వేయించాలని నాకు పట్టుదల. ఆ మాట ఎత్తితే నవ్వేవాడు. "వద్దప్పా. జనాలు నా తట్టు చూస్తే ఇంగ రాజు తట్టు ఎవురు చూస్తారు?" నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ ఆ కోపం కొంచెం ఉంది.

అందుకే దినాల రోజు, ఏళ్ల తరబడి రాజు వేషం కట్టిన పెద్దాయనను పట్టుకున్నాను. చిన్నాయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నాను. ఒక్కసారైనా ఊరు వినాలి కదా. ఆయన మైకు అందుకున్నాడు. "మన నాటకానికి ఈయప్ప..." అని ఆగిపోయాడు. అలవాటుకొద్దీ చెవి పక్కకు వంచి అలాగే నిలబడ్డాడు.

పందిట్లో కూర్చున్న ఊరంతా ఆ పక్కకే తిరిగి చూసింది.