అండాలు కోసిన ఆఖరి బండిల్

కొడకండ్లలో టీవీ కేబుల్ అంటే ఒకప్పుడు కట్టయ్యే. స్తంభం మీది నుంచి పడి ఆయన నడుము దెబ్బతిన్నాక ఆ పని భార్య అండాలు మీద పడింది. నిచ్చెన భుజాన వేసుకుని ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగింది. తర్వాత జనం డిష్షులకు, ఫోన్లకు మళ్లారు. కనెక్షన్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆమె కూలికి పోవడం మొదలుపెట్టింది.

ఈమధ్య ఆమెకు యుగేందర్ సారు దగ్గర కొత్త పని దొరికింది. ఆయన జనగామ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని దేశదేశాల్లో తనలాంటి వాళ్లతో ముచ్చట పెడతాడు. కొడకండ్ల పక్కన తన మెట్ట చెలకలో యాంటెన్నాలుగా రెండు అల్యూమినియం గొట్టాలు నిలబెట్టాడు. ఒక గొట్టానికి సిగ్నల్ రెండోదానికన్నా కాస్త ఆలస్యంగా అందితే, మాట కోరిన దిక్కుకు పోతుంది. ఆ ఆలస్యమంతా కేబుల్ పొడవులోనే ఉంటుంది. అందుకే కోత తప్పకూడదు. కేబుల్ కోసి కనెక్టర్లు బిగించడం అండాలుకు చేతికి అలవాటైన పని.

ఆ ఆదివారం గొట్టాలకు రెండు ముక్కలు బిగించారు. దిక్కు మార్చే స్విచ్చి ఎటు తిప్పినా రేడియోలో ఒకటే మోత. యుగేందర్ ముక్కల్ని విప్పి, సిగ్నల్ ఆలస్యం కొలిచే మీటరు పెట్టాడు. టేపుతో కొలిస్తే పొడవులు సరిగ్గానే ఉన్నాయి, మీటరులో మాత్రం తేడా. అండాలు ఒక ముక్క తోలు చీల్చి చూసింది. లోపలి జాలీ నల్లబడి ఉంది. ఎప్పుడో నీళ్లు దిగాయి.

"నాదే తప్పు సారూ. మొన్న నాట్లకు పోయొచ్చి పానం బాగలేకుండె. పాత ముక్కలు చూడకుంట కోసిన."

"పోనీ అక్కా. రెండు ముక్కలూ ఒకే బండిల్ల నుంచి కోయాలె. కొత్తది ఏమన్న ఉన్నదా?"

"ఇంట్ల అడిగి చెప్త సారూ," అంది అండాలు. ఒకటుంది. కట్టయ్య మంచం కింద, కవరు విప్పకుండా ఉంది. ఫోన్ల మోజు తీరితే ఊరు మళ్లీ తమ దగ్గరికే వస్తుందని ఆయన నమ్మకం. కాదనే ఓపిక లేక ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఆ సాయంత్రం కట్టయ్యకు అన్నం పెట్టి ఆ బండిల్ అడిగింది.

"గది ముట్టకు," అన్నాడాయన.

"ఎవల కోసం దాస్తున్నవయ్యా?"

"ఊరోళ్లు వస్తరు. కనెక్షన్లు ఇయ్యద్దా?"

"వస్తే నిచ్చెన ఎవలు ఎక్కాలె?"

కట్టయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"నాతోని కాదు," అంది అండాలు. "మోకాళ్లు పోయినయి. ఊరంత వచ్చి కాళ్లు మొక్కినా నేను ఇగ స్తంభమెక్క."

ఆమె నోట ఆ మాట ఆయన వినడం అదే మొదలు. కేబుల్ తిరిగి వస్తుందని కలగన్న ఇన్నేళ్లలో, నిచ్చెన ఎక్కేది ఆమేనన్న సంగతి ఆయనకు తట్టనేలేదు. చెయ్యి కడుక్కుని, చేతికర్రతో బండిల్‌ను మంచం కింది నుంచి బయటికి లాగాడు.

"నేను గూడ వస్త," అన్నాడు.

తర్వాతి సెలవు రోజు ఇద్దరూ ఆటోలో చెలకకు పోయారు. కట్టయ్య కుర్చీలో కూర్చుని కేబుల్ కొస పట్టుకున్నాడు. కవరు చింపుతున్నప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు. అండాలు కావలసినదాని కన్నా జానెడు ఎక్కువ పెట్టి కోసింది. యుగేందర్ మీటరు చూసి "ఇంకొంచెం" అన్నప్పుడల్లా వేలెడు తీసింది. పొట్టిదైతే మళ్లీ పెరగదు కాబట్టి ఎక్కడా తొందరపడలేదు. రెండో ముక్క కూడా మీటరులో సరిపోయేసరికి ఆమె వేళ్లు కొంకర్లు పోయాయి, పొద్దు వాలింది.

యుగేందర్ స్విచ్చి పడమటికి తిప్పాడు. గల్ఫు నుంచి ఎవరిదో గొంతు స్పష్టంగా వినిపించింది. తూర్పుకు తిప్పితే ఆ గొంతు మోతలో మునిగిపోయింది. సారు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఏమంటున్నడు సారూ?" అడిగాడు కట్టయ్య.

"ఆడ ఎండలు బాగ కొడుతున్నయంట."

"గది చెప్పనీకి గింత కష్టమా?"

అండాలుకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

తిరుగుదారిలో, మిగిలిన కేబుల్ కట్టయ్య ఒళ్లో ఉంది. భూపాలపల్లిలో సారు దోస్తుకు కూడా ఇట్లాంటి ముక్కలే కావాలట అని అండాలు చెప్పింది.

"ఇచ్చెయ్. ఇగ మనకెందుకు," అన్నాడు.

అప్పటికే అండాలు ఆటో కడ్డీకి తల ఆనించి నిద్రపోయింది. కట్టయ్య ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు.

"గుంతలకాడ జర మెల్లగ పోనీ, అన్నా."