డుమస్ ఒడ్డున గుట్టు

ఆ రోజుల్లో సూరత్‌లో మా ఇద్దరికీ అన్నీ సమకూరాయి గానీ, పక్కపక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే జాగా మాత్రం దొరకలేదు. పెళ్లై రెండో ఏడు. వడోద్‌లో ఒక బిల్డింగు మూడో అంతస్తులో ఒకే ఒక్క గది. వంటా పడకా చుట్టాలూ అన్నీ అందులోనే. గోడకు ఇటువైపు నేను దగ్గితే అటువైపు నుంచి పక్కింటి వదిన "అల్లం రసం తాగు చెల్లె" అనేది. మా ఆయన పాండేసరాలో సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో బట్ట నేసేవాడు. పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఆయన ఇంటికొచ్చేసరికి నేను అలసిపోయి ఉండేదాన్ని, నేను తేరుకునేసరికి ఆయన గురక పెడుతూ ఉండేవాడు. ఇప్పుడు తలుచుకుంటే మేం చేసింది కాపురమా, డ్యూటీలు మార్చుకోవడమా అని అనుమానం వస్తుంది.

పైగా మరుదులు. సొంత మరుదులు కారు (మా అత్తకు ఈయన ఒక్కడే కొడుకు). మా ఊరి నుంచి వచ్చిన పెళ్లికాని నలుగురు. పెళ్లికి ముందు మా ఆయనతో ఒకే గదిలో ఉన్నవాళ్లు. పెళ్లయ్యాక ఆయన ఆ గదిలోంచి బయటికొచ్చాడు గానీ వాళ్లు ఆయన కంచంలోంచి బయటికి రాలేదు. "వదినా, పప్పుచారు వాసన కింది దాంక వచ్చింది" అంటూ మెట్లెక్కేవాళ్లు. వీళ్లందరికీ పెద్దదిక్కు జాబర్ మామ. సాంచా మొరాయిస్తే బాగుచేసేవాణ్ణి కార్ఖానాలో జాబర్ అంటారు. మా జిల్లా మనిషే, మేం పుట్టకముందే సూరత్ చేరినవాడు. ఎవరికి ఏ డ్యూటీ వెయ్యాలో ఆయన మాటే చెల్లేది. మేం ఎటు బయలుదేరినా ఈ అయిదుగురిలో ఎవరో ఒకరు "మేం గూడ వస్తం" అనేవాళ్లు. వద్దనడానికి నాకు ముఖం చెల్లేది కాదు, మా ఆయనకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు మా ఆయన గొంతు. సాంచాల మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు చెవులు మందగిస్తాయి, గొంతు లేస్తుంది. తాను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు. "జర మెల్లగ మాట్లాడు" అంటే, "మెల్లగనే గదనే మాట్లాడుతున్న" అని వీధి చివర చాయ్ బండివాడు కూడా తలెత్తేలా చెప్పేవాడు.

అందుకే మొదటిసారి నెల తప్పినప్పుడు ఏమైందో చెప్పాలి. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, వినీ వినపడనట్టు చెప్పాను. "ఏందే, నిజమేనా? నేను తండ్రినైతున్ననా?" అన్నాడు. ఇంక నేను ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. పక్కింటి వదిన చక్కెర తెచ్చి నోట్లో పోసింది. కింద ఉండే ఓనరమ్మ తల మీద చెయ్యి పెట్టి గుజరాతీలో ఏదో దీవించింది. మరుదులు పేర్ల గురించి కొట్లాడుకున్నారు. మూడో నెల నిండకుండానే అది నిలవలేదు. సంతోషానికి వచ్చినవాళ్లందరూ మళ్లీ అదే వరసలో దుఃఖానికీ వచ్చారు. బొప్పాయి తిన్నావా అని ఒకరు, బరువెత్తావా అని ఒకరు, మెట్లెక్కి ఉంటావు అని ఒకరు (మూడో అంతస్తులో ఉన్నదాన్ని, ఎగిరి రమ్మంటారా). ఓదార్చడానికి వచ్చినవాళ్లకు టీలు పెట్టి పెట్టి నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ గిన్నెలు తోముతూ ఒట్టు పెట్టుకున్నాను, మళ్లీ అలాంటిదేదైనా జరిగితే అయిదో నెల వచ్చేదాకా ఆయనకు తప్ప పురుగుకు కూడా తెలియనివ్వనని.

రెండోసారి నెల తప్పింది. దవాఖానకు ఒక్కదాన్నే పోయి రూఢి చేసుకుని వచ్చాను. ఇంట్లో చెబితే ఆయన గొంతు సంగతి తెలిసిందే కాబట్టి, బయటికి తీసుకెళ్లి చెబుదామని "ఎటన్న పోదాం" అన్నాను. (ఫోన్‌లో రాసి చూపించవచ్చు కదా అంటారేమో. ఆ ఫోన్ ఎప్పుడూ ఏదో ఒక మరిది జేబులో ఉండేది.) మొదట ఒక తోటకు పోయాం. అదృష్టం కొద్దీ ఎవరూ వెంట రాలేదు. గడ్డి మీద కూర్చున్నాం. నేను మాట కూడగట్టుకునేలోపే ఆయన ఒరిగాడు. "ఇగో, నీకో మాట చెప్పాలె" అన్నాను. "చెప్పు, ఇంటున్న" అన్నాడు కళ్లు మూసుకునే, ఆ మాట చివర్లోనే గురక మొదలైంది. రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషిని లేపడానికి చెయ్యి రాలేదు. కొంగుతో ఈగలు తోలుతూ కూర్చున్నాను. తోట కాపలావాడు ఒంట్లో బాగాలేదేమోనని వచ్చి, "తబియత్ ఖరాబ్ హై క్యా?" అని అడిగి, గురక విని తనే తెలుసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి సెలవుకు ఆయనే ఉత్సాహపడ్డాడు. "కిమ్ టేషన్ కాడ మన ఊరాయన కొత్త సాంచల మీద చేస్తుండంట. నీళ్లతోని నేస్తయంట. మస్తుంటయంట, పోయి చూసొద్దాం" అన్నాడు. లోకంలో భార్యను షికారుకు తీసుకెళ్లి సాంచాలు చూపించిన మొగుడు ఈయనొక్కడే అయి ఉంటాడు. రైల్లో అయినా మాట్లాడవచ్చని ఒప్పుకున్నాను. రైల్లో ఆయన తలుపు దగ్గర వేలాడాడు, నేను మెంతికూర మూటల మధ్య ఇరుక్కున్నాను. అక్కడ షెడ్డులో ఆ మోతకు నా పళ్లు కదిలాయి. మా ఆయనా, ఆ ఊరాయనా చేతులు తిప్పుకుంటూ, కనుబొమలు ఎగరేసుకుంటూ చాలాసేపు హాయిగా కబుర్లాడుకున్నారు. నేను గుమ్మంలో చల్లారిన టీ పట్టుకుని నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు "ఎట్లున్నయే?" అన్నాడు. "మంచిగున్నయి, ఒకటి ఇంటికి తెచ్చుకుందాం" అన్నాను ఒళ్లుమండి. ఆయన నిజంగానే ఆలోచించి, "మన రూముల పట్టదే" అన్నాడు.

ఆ చేతుల భాష నాకూ కొంత వచ్చు. సాంచాల మధ్య అరిచినా వినపడదు కాబట్టి వాళ్లు సైగలతోనే పని నడుపుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగింది. అరచెయ్యి నడుము ఎత్తులో పెడితే పిల్లగాడు. పొట్ట నిమురుకుంటే సేటు వస్తున్నాడు, జాగ్రత్త. అలసిపోయిన రోజు ఆయన ఇంట్లో కూడా అలాగే అడిగేవాడు. అన్నానికి ఒక సైగ, ఉప్పుకు ఒక సైగ. నేనూ అలాగే జవాబు చెప్పడం నేర్చుకున్నాను. మరుదులు రాని పూట చప్పుడు లేకుండా భోజనం చేస్తుంటే, గోడవతల వదినకు వినపడని కాపురం అదొక్కటే అనిపించేది. రానురానూ అది మా ఇద్దరి కోసమే పుట్టిన భాష అన్నట్టు మురిసిపోవడం మొదలుపెట్టాను. అలసట మనిషి బుద్ధిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పలేం.

మూడోసారి డుమస్ పోయాం. "సముద్రం కాడికా? మేం గూడ వస్తం" అని మరుదులు నలుగురూ, జాబర్ మామా ఒకే ఆటోలో మాతో పాటు కుక్కుకుని కూర్చున్నారు. నాకు అప్పటికే ఓపిక పోయింది. వారాలు గడిచిపోతున్నాయి, ఇంకో వారం పోతే నా వాంతులే బిల్డింగుకు చెప్పేస్తాయి. అదృష్టవశాత్తు ఒడ్డుకు చేరాక జాబర్ మామ మరుదులను కూడగట్టి, "జంటను జర కూసోనియ్యిండ్రా" అని టమాటా భజియాల బండి వైపు తోలుకుపోయాడు. మేం నల్లటి ఇసుకలో ఎదురెదురుగా కూర్చున్నాం. సెలవు రోజు కదా, ఎక్కడ చూసినా జనమే. గాలికి మా ఆయనకు అసలేమీ వినపడటం లేదు. "ఏందే?" అన్న ఒక్క మాటకే పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు తిరిగి చూశాడు. నోటితో చెప్పడం కుదరదని తేలిపోయింది. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నా చేతులున్నాయి కదా.

నన్ను చూపించుకున్నాను. అరచెయ్యి నడుము ఎత్తులో పెట్టాను: పిల్లగాడు. చేత్తో ఇటు రమ్మన్నట్టు ఊపాను: వస్తున్నాడు. పెదవుల మీద వేలు పెట్టాను: ఎవరికీ చెప్పకు. ఆయన ముఖం చిట్లించాడు. తల వెనక రెండు చేతులూ ఆనించి, ఎక్కడ పడుకుంటాడు అని సైగ చేశాడు. (ఊరి నుంచి ఎవడో కొత్త పిల్లగాడు పనికి వస్తున్నాడనుకున్నాడు. నెలకొకడు దిగేవాడు మరి.) కాదని తలూపి మళ్లీ మొదటి నుంచి అన్నీ చేశాను. ఈసారి ఆయన వేలు చుట్టూ తిప్పి, కనుబొమలు ఎగరేసి, ఎవరి పిల్లగాడు అని అడిగాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. రెండు చేతులూ చాచి ఆయన్ను చూపించాను, తర్వాత నా కడుపు చూపించాను, మళ్లీ ఆయన్ను చూపించాను. అప్పుడు అర్థమైంది. నోరు తెరిచాడు. ఇక ఒడ్డంతా వింటుందనుకున్నాను. కానీ అరవలేదు. తెరిచిన నోరు మూసుకుని, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అరచెయ్యిని గాలిలో మెల్లగా కిందికి అదిమాడు. సాంచాను నిదానంగా నడిపించమనే సైగ అది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. నేను ఏడవాలనుకున్న ఏడుపంతా, ఒక్క టీ కూడా పెట్టకుండా, అక్కడ ఏడ్చాను.

అక్కడి నుంచి నా గుట్టు చూసి నేనే మెచ్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో జాబర్ మామ ఆటోవాణ్ణి గుంటగుంటకూ "ధీరే, ధీరే" అంటుంటే, పాపం ముసలాయనకు నడుం నొప్పి అనుకున్నాను. మర్నాటి నుంచి కింది పంపు దగ్గర నా బకెట్లను ఎవరో ఒక మరిది పైకి తెచ్చి పెట్టేవాడు. పెళ్లీడు వచ్చింది కదా, బుద్ధి వచ్చిందనుకున్నాను. "డాక్టరు నూనె తక్కువ తినమన్నడు వదినా, మేమే వండుకుంటం" అని నలుగురూ ఒకేసారి భోజనం మానేస్తే, నలుగురికీ ఒకే రోగం ఎలా వచ్చిందో ఆలోచించే ఓపిక లేక దేవుడికి దండం పెట్టుకున్నాను. మా ఆయనకు వరసగా పగటి డ్యూటీలే పడ్డాయి. ఇన్ని కలిసొస్తున్నాయంటే పుట్టబోయే బిడ్డ జాతకం గొప్పదన్నాను. అయిదో నెలలో మిఠాయి తెప్పించి, అందరినీ పిలిచి, గొంతు సవరించుకున్నాను. నేను ఇంకా మాట మొదలుపెట్టకముందే చిన్న మరిది, "అయ్యో, మాకు తెల్వనే తెల్వదు వదినా" అన్నాడు. పక్కవాడు వాడి కాలు తొక్కాడు. అది కూడా నాకు వింతగా తోచలేదు.

ఆడపిల్ల పుట్టింది. బిడ్డను తొట్టెలలో వేసిన రోజు గదినిండా జనం. జాబర్ మామ పిల్లను ఒళ్లో వేసుకుని ముద్దు చేస్తూ, "మీ నాయిన ఎంత తెలివిగల్లోడో తెల్సా బిడ్డా? నువ్వొస్తున్నవని మీ అమ్మ సముద్రం కాడ చెప్తే, ఎవల పిల్లగాడు అని అడిగిండు. నా నోట్ల భజియా కింద పడ్డది. వాని చెంప మీద ఒక్కటియ్యాలె అనిపించింది" అన్నాడు. మరుదులు నలుగురూ ఒక్కసారిగా గోడ వైపు చూశారు. "మామా, నీకెట్ల తెలుసు?" అన్నాను. నోటిలోంచి మాట వస్తుండగానే నాకే తెలిసిపోయింది. "ఎట్ల తెల్వది బిడ్డా, మేం సాంచలోళ్లమే గద. సెలవు దినమాయె, ఆ ఒడ్డు మీద సగం మంది మనోళ్లే. నువ్వు అంత మంచిగ చెప్పవడితివి" అన్నాడు. అంత జనం మధ్య నేను నెత్తి కొట్టుకుని, మొగుణ్ణి చూపించి, కడుపు చూపించి, మళ్లీ మొగుణ్ణి చూపించిన తీరు కళ్లకు కట్టి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అందరు చూసిండ్రా?" అన్నాను. "చూసి, సముద్రం దిక్కు తిరిగి కూసున్నం."

"ఇన్ని నెలలల్ల ఒక్కరన్న ఒక్క మాటన్న అడగకపోతిరి" అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియదు. మామ వింతగా చూశాడు. "ఎట్ల అడుగుతం బిడ్డా? నువ్వు మాకు చెప్పలేదు గద" అన్నాడు.

జాబర్ మామ ఇప్పుడు లేడు. మరుదులకు పెళ్లిళ్లయ్యాయి, తలో దిక్కు పోయారు. మేం మారిన కొత్త ఫ్లాటులో తలుపు వేసుకుంటే పండుగకు కూడా ఎవరూ తట్టరు. మోకాళ్లకు నూనె రాసుకుంటూ అప్పుడప్పుడు ఆ రోజుల నా వాలకాన్ని తలుచుకుంటాను. ముందు నేను, తల ఎత్తుకుని, ఈ సూరత్ మొత్తంలో నా అంత గుట్టు మనిషి లేదన్న ధీమాతో మెట్లెక్కుతుంటాను. వెనకాల చిన్న మరిది, రెండు చేతులా నా బకెట్లతో, ఏమీ తెలియని ముఖం పెట్టుకుని వస్తుంటాడు. మెట్లెక్కే ఆనాటి నన్ను వెనక్కి తిరిగి చూడమని చెప్పాలనిపించదు. పోనీ, పాపం, అలాగే ఎక్కనీ.