తెలుగులో రాసిచ్చిన మందు చీటీ

2004 జూన్‌లో నేను పుదుచ్చేరిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో సీనియర్ ఫార్మసిస్టుగా చేరాను. మాది యానాం. ఆసుపత్రి ముదలియార్‌పేట వైపు ఉండేది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఇప్పుడు ఆ ఆసుపత్రీ లేదు, జరిగిన తప్పూ దానిది కాదు. నాది.

ఫార్మసిస్టంటే డాక్టరు రాసిన మందును అలమారలోంచి తీసి ఇచ్చేవాడని చాలామంది అనుకుంటారు. నా మొహం, అంతే అయితే ఆ పనికి చదువెందుకు? మోతాదు సరిచూడాలి. రోగి వాడుతున్న మిగతా మందులతో అది పడుతుందో లేదో చూడాలి. అన్నిటికీ మించి, తిరిగి చెప్పించుకోవాలి. “ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?” అని అడిగి, జవాబు సరిగ్గా వచ్చాకే కవరు చేతికివ్వాలి. నా కింద ఇద్దరు జూనియర్లు ఉండేవారు. ఈ నియమం తప్పితే వాళ్ళను అందరి ముందూ దులిపేసేవాణ్ణి.

ఆ రోజుల్లో కీళ్ళవాతం వైద్యం మా కళ్ళ ముందే మారింది. అంతకుముందు వేళ్ళు వంకర్లు తిరిగాకగానీ జబ్బు ఫలానా అని తేలేది కాదు. నొప్పి బిళ్ళలు, స్టెరాయిడ్లు ఇచ్చి పంపేవాళ్ళం. తర్వాత యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష మా దాకా వచ్చింది. కీళ్ళు పాడవకముందే అది జబ్బును పట్టిచ్చేది. పట్టుకున్న వెంటనే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టేవారు. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో వాడే మందే అది. కీళ్ళకు చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. వారానికొకటైతే చేతులు నిలబెడుతుంది. రోజుకొకటైతే ఎముకల్లో మూలుగను ఎండగట్టి, రక్తం పుట్టకుండా చేస్తుంది.

మా మందు కవర్ల మీద మూడు గళ్ళు అచ్చువేసి ఉండేవి: ఉదయానికి పొడుస్తున్న సూర్యుడు, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి చంద్రుడు. అక్షరం రానివాళ్ళకు కూడా అర్థం కావాలని అలా వేయించారు. వారానికొకసారి వేసుకునే మందుకు మాత్రం గడి లేదు. అందుకని ఉదయం గడిలో ఒకటి వేసి, పక్కన ఎర్రసిరాతో రబ్బరు ముద్ర కొట్టేవాళ్ళం. ‘వారానికి ఒక్కసారి మాత్రమే’ అని తమిళంలో ఉండేది.

2005 సెప్టెంబరులో పుదుచ్చేరి దగ్గరి బాహూరు అనే ఊరి నుంచి కుప్పమ్మ అనే ఆమె వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. తరాలుగా ఆ పక్క స్థిరపడి వ్యవసాయం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. ఊళ్ళో నాటు వేసే ఆడవాళ్ళ జట్టుకు ఆమే పెద్ద. ఐదు నెలలుగా పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు, నారు కట్ట పట్టుకోలేదు. కొత్త పరీక్షలో జబ్బు బయటపడింది. వేళ్ళింకా వంకరపోలేదు. మా కీళ్ళ డాక్టరుగారు తమిళావిడ, అనవసరంగా ఆశపెట్టే మనిషి కాదు. ఆవిడే “మంచి సమయానికి వచ్చారు, చేతులు దక్కుతాయి” అన్నారు.

కౌంటరు దగ్గర కుప్పమ్మ తనలో తాను ఏదో అనుకుంటోంది. ఆ మాట తెలుగు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడాదికి పైగా పగలంతా తమిళంలోనే నెట్టుకొస్తున్నవాణ్ణి.

“ఏ ఊరండీ మీది?” అన్నాను.

“బాహూరు నాయనా. నువ్వు మనోడివా? మరి ఏంది, మాట మాటకీ అండీ అండీ అంటావు? కోర్టులో మాట్లాడినట్ల ఉండాది!” అని నవ్వింది.

నేనూ నవ్వాను. యానాం యాడుండాది, గోదావరి ఎంత వెడల్పు, అక్కడ నాట్లు ఎప్పుడు పడతాయి, అన్నీ అడిగింది. నేను చెప్పాను. వెనక వరుస పెరుగుతోంది. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన తట్టింది. మన మనిషికి తమిళ ముద్ర ఎందుకు? తెల్లకాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాల్లో, తెలుగులో రాశాను: వారానికి ఒక్క మాత్ర, బుధవారం ఉదయం మాత్రమే. రెండు వారాలకు రక్తపరీక్ష చేయించాలి. నోట్లో పుండ్లు పడినా, జ్వరం వచ్చినా మందు ఆపి వెంటనే రావాలి. కవరు మీద ఉదయం గడిలో ఒకటి వేశాను. ముద్ర కొట్టలేదు.

డాక్టరుగారు రాసింది రెండు నెలలకు, అంటే ఎనిమిది మాత్రలు. స్ట్రిప్పు కత్తిరిస్తే గడువు తేదీ పోతుందని పదీ ఇచ్చేశాను. అదీ నియమం కాదు. “అన్నీ ఇందులో రాశానమ్మా, ఇంటికెళ్ళి చదివించుకోండి” అన్నాను. ఆమె కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. తిరిగి చెప్పించుకోలేదు. పరాయివాళ్ళయితే చెప్పించుకునేవాణ్ణే.

పదమూడో రోజున ఆమె కొడుకు దేవరాజులు ఆటోలోంచి ఆమెను ఎత్తుకుని దించాడు. నోరంతా పుండ్లు, పెదవుల మీద రక్తం, ఒళ్ళు కాలిపోతోంది. రక్తపరీక్షలో తెల్లకణాలు దాదాపు లేవు. డాక్టరుగారు నన్ను వార్డుకు పిలిపించి మందు కవరు చూపించారు. స్ట్రిప్పు ఖాళీ. ఎన్ని రోజులకొకటి వేసుకున్నారో కొడుకును అడగమన్నారు.

“పొద్దున గడిలో ఒగటి ఉండాది కదా సార్. పొద్దునకొకటి. ఒక్క దినం కూడా తప్పలేదు. మాత్ర వేసుకుంటే నాట్లకు చెయ్యి లేస్తుందని, అమ్మే గురుతు పెట్టుకుని అడిగి వేసుకునేది” అన్నాడు.

“మరి నోరు పూసినప్పుడు ఎందుకు తీసుకురాలేదు?”

“వేడి చేసిందనుకున్నాం సార్. మజ్జిగ ఇచ్చినాం, ఎళనీరు, అదే టెంకాయ నీళ్ళు, ఇచ్చినాం.”

నాకు ఒళ్ళు మండింది. కాగితం మీద అంత విడమరచి రాస్తే చదవలేదా అని అరిచాను. ఆ అరుపు తలచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

అతను తల వంచుకున్నాడు. “మాకు తెలుగు చదవను రాదు సార్. మాట్లాడేదొక్కటే. నేను తమిళ పళ్ళికూడంలో చదివినా. అమ్మకు ఏ రాతా రాదు. మా ఊళ్ళో ఎవురికీ తెలుగు అచ్చరం తెలీదు. మన బాస కాగితం ఇంటికొచ్చిందని అమ్మ దాన్ని దేవుడి పటం కాడ పెట్టి పసుపు పూసింది.”



విరుగుడు ఉంది. ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్. మా దగ్గర నిల్వ లేకపోతే పట్టణంలోని దుకాణాలన్నీ తిరిగి, రెండు గంటల్లో నేనే తెచ్చాను. తొలి మూడు నాలుగు రోజుల్లో అయితే బాగా పనిచేసేది. కణాలు పెరగడానికి డాక్టరుగారు ఇంకో ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. ఆ రెండూ వైద్యంలో వచ్చిన మేలైన మార్పులే. మేం ఆలస్యమయ్యాం.

రెండో రోజు సాయంత్రం ఆమెకు కాస్త తెలివి వచ్చింది. మంచం పక్కన కూర్చుని, చదవడం రాదని ఆరోజే నాతో ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. పుండ్ల వల్ల మాట ముద్దగా వచ్చింది. “నువ్వు అంత ఆశగా రాస్తా ఉంటివి నాయనా. మన రాత మనకే రాదని ఎట్ల చెప్పేది?” అంది. కుడిచెయ్యి నెమ్మదిగా పైకెత్తింది. పిడికిలి మూసి చూపించింది. పూర్తిగా మూసుకుంది.

నాలుగో రోజు ఉదయం పోయింది. రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకడం కారణమని రాశారు. డాక్టరుగారు అంతటితో వదల్లేదు. మందు మోతాదు పొరపాటు అని కింద మరో వాక్యం రాసి, నాకు చూపించి సంతకం పెట్టారు. నేను సూపరింటెండెంటుకు లిఖితపూర్వకంగా నా తప్పు ఒప్పుకున్నాను. విచారణ జరిగింది. ఆరు నెలలు కౌంటరు నుంచి తప్పించి గిడ్డంగిలో వేశారు. దేవరాజులు ఫిర్యాదు చేయలేదు. చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తిరిగి కౌంటరుకు వచ్చాక మూడు మార్పులు అడిగి చేయించాను. వారపు మందుకు గళ్ళు లేని ఎర్ర కవరు. ఒక నెలకు మించి ఇవ్వకూడదు, స్ట్రిప్పు కత్తిరించాల్సిందే. చేరిన రోజు నుంచీ ఉన్న నియమమే మూడోది: ఎవరైనా సరే, తిరిగి చెప్పించుకోవాలి. రిటైరయ్యేదాకా, తెలుగు మాట వినిపిస్తే ఇంకో రెండుసార్లు చెప్పించుకునేవాణ్ణి. ఏ భాష మాట్లాడతారని అడగడం మానేశాను. ఇంట్లో చదివేదెవరు, ఏ రాత చదువుతారు అని అడిగేవాణ్ణి.

ఆ కాగితాన్ని బాహూరు నుంచి తెప్పించి విచారణ ఫైలులో జతచేశారు. పసుపు మరకల కింద నా అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. మోతాదు సరైనదే, రోజు సరైనదే, హెచ్చరిక సరైనదే. అందులో ఒక్క తప్పు కూడా లేదు. దాన్ని మొదటిసారి చదివినవాడు, తెలుగు రాని విచారణాధికారికి అనువదించి వినిపించిన మనిషి. ఆ మనిషిని నేనే.