నెలాఖరు దాకా లేని సర్వర్

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, దసరాకు ముందు, నన్ను పటాన్‌చెరు టెరిటరీకి బదిలీ చేశారు. అది నా ఆఖరి పోస్టింగ్. హోదా టెరిటరీ సేల్స్ మేనేజర్. పేరు వినడానికి ఘనంగానే ఉంటుంది. పని మాత్రం పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న మొబైల్ దుకాణాలను బైక్ మీద తిరిగి చూసుకోవడం, మా కంపెనీ సిమ్‌లు అమ్మించడం. ప్రతి దుకాణానికీ వారానికోసారి వెళ్లి రావడాన్ని మేము బీట్ అంటాం.

నేను చేరిన నెలలోనే కొత్త స్మార్ట్‌ఫోన్ విడుదలైంది. కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని మా కంపెనీ ఒక తయారీదారుతో కలిసి తెచ్చిన ఫోన్ అది. పాత ఫోన్ ఇచ్చేస్తే ధర తగ్గుతుంది, ఆరు నెలల పాటు రోజూ డేటా ఉచితం. సిమ్ పెట్టే చోటు ఒక్కటే, అందులోనూ మా సిమ్ తప్ప వేరేది పనిచేయదు. వారం ముందు నుంచే ఆటోలకు మైకులు కట్టి లక్డారం, రుద్రారం, చుట్టుపక్కల బస్తీలన్నీ తిప్పాం. ముందొచ్చినవాళ్లకే ఫోన్, తర్వాత దొరకదని మైకులో చెప్పించాం.

దొరకకపోవడం అన్నది వట్టి మాట. సరుకు కావలసినంత ఉంది. సగం డిస్ట్రిబ్యూటర్ గోదాములోనే ఆపించాను. దుకాణం ముందు లైను కనబడాలన్నది పైనుంచి వచ్చిన ఆదేశం. గంటకో ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. లైను పొడుగ్గా ఉంటే జోనల్ మేనేజర్ మెచ్చుకోలుగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. యాభై ఏడేళ్ల వయసులో ఆ బొటనవేలి కోసం ఎదురుచూశానని ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. పాత కస్టమర్ కొత్త ఫోన్ కొంటే రెండు దారులున్నాయి. ఉన్న నంబర్ మీదే కొత్త సిమ్ మార్చి ఇవ్వవచ్చు. దీన్ని అప్‌గ్రేడ్ అంటాం. లేదా వేరే నంబర్‌తో కొత్త కనెక్షన్ ఇవ్వవచ్చు. ఉచిత డేటా రెండింటికీ ఒకటే. కానీ మా టార్గెట్‌లో లెక్కకొచ్చేది కొత్త కనెక్షన్ మాత్రమే. అందుకని దుకాణదారులందరికీ ఒకే మాట చెప్పాను.

పటాన్‌చెరు బస్టాండు దగ్గర పదిహేనేళ్లుగా దుకాణం నడుపుతున్న అంజయ్యకూ అదే చెప్పాను. "పాత నంబర్ ముచ్చట మనం ఎత్తొద్దు. వాళ్లు అడిగితే సూద్దాం."

"అడగకుంటే వాళ్లకెట్ల తెలుస్తది సార్?" అన్నాడతను.

"తెల్వకుంటేనే మంచిది" అన్నాను. అదేదో గొప్ప చమత్కారమైనట్టు నవ్వాను కూడా.

విడుదల రోజు అంజయ్య దుకాణం ముందు షామియానా వేయించి డప్పులు పెట్టించాను. ఆ లైనులో లక్డారం సుగుణమ్మ మూడు గంటలు నిలబడింది. నలభై దాటిన మనిషి. డిప్లొమా చదివే బిడ్డకు ఫోన్‌లో పాఠాలు వస్తున్నాయని కొనడానికి వచ్చింది. గోడకు ఆనించి నిలబెట్టి లైవ్ ఫొటో తీశాం. ఆధార్ చూసి కొత్త కనెక్షన్ ఇచ్చాం. కీప్యాడ్ ఫోన్ వెనక మూత తీసి, అందులోని పాత సిమ్ చెత్తబుట్టలో వేసింది స్వయానా నేనే. పాత నంబర్ గురించి ఆమె అడగలేదు, మేము చెప్పలేదు. గ్రూపులో పెట్టిన ఫొటోలో ఆమె పెట్టె పట్టుకుని నవ్వుతూ ఉంది.

పన్నెండు రోజుల తర్వాత బీట్ మీద అంజయ్య దుకాణానికి వెళ్లేసరికి సుగుణమ్మ అక్కడే ఉంది. ఆమె పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో తొమ్మిదేళ్లు ప్యాకింగ్ పని చేసిందట. కరోనాలో కాంట్రాక్టు వాళ్లందరినీ ఇంటికి పంపారు. ఇప్పుడు పాతవాళ్లను వరసగా ఫోన్ చేసి పిలుస్తున్నారు. ఈసారి తీసుకుంటే కంపెనీ రోల్ మీదే, అంటే పర్మనెంట్.

"నా ముందు పేరామెకు ఫోన్ వచ్చిందట. ఇయాల రేపు నాకొస్తది. టైం ఆఫీసుల నా పాత నంబరే రాసి ఉన్నది సారూ" అంది. హాజరు పుస్తకాలు ఉండే చోటును ఫ్యాక్టరీలో టైం ఆఫీసు అంటారు. "కొత్త నంబర్ రాయించొద్దామని పోతే గేటుకాడ సెక్యూరిటీ లోపలికి పోనియ్యలే. చీటీ రాసిచ్చిన. ఇచ్చిండో పారేసిండో. జెర నా పాత నంబర్ నాకియ్యి సారూ."

డూప్లికేట్ సిమ్ ఇవ్వడానికి అంజయ్య అప్పటికే ఫోన్‌లో యాప్ తెరిచాడు. ఆధార్, ఒక ఫొటో, ఐదు నిమిషాల పని. సాయంత్రానికి నంబర్ బతుకుతుంది.

నేను అతని చేతిమీద చెయ్యి వేసి ఆపాను. ఫోన్‌లో సిమ్‌కు చోటు ఒక్కటే. పాత నంబర్ పెడితే కొత్తది బయటికి వస్తుంది. నెలాఖరు దాకా వాడకంలో ఉండని కొత్త కనెక్షన్‌ను మా లెక్కలోంచి కొట్టేస్తారు. పైగా ఆ పాత నంబర్ మీదే డేటా అంతా వస్తుందని ఆమెకు తెలిస్తే లక్డారం మొత్తానికి తెలుస్తుంది. అంతమంది వెనక్కి వస్తే నా నెల గోవిందా. ఆ నెల రాష్ట్రంలో మొదటి మూడు టెరిటరీల్లో నాది ఉంది.

"సర్వర్ లేదమ్మా. పాత నంబర్లవి ఇప్పుడు అయితలేవు. నెలాఖరు దాటినంక రా" అన్నాను.

"అప్పటిదాంక ఆగరేమో సారూ."

"నా చేతుల లేదమ్మా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి ఇంకా అంజయ్య చేతిమీదే ఉంది.

ఆమె వెళ్లిపోయాక అంజయ్య యాప్ మూసేశాడు. నాకు చాయ్ తెప్పించి, తను తాగలేదు.

నెల మారిన రెండో రోజు ఆమె పొద్దున్నే వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. అంజయ్య సిమ్ చేసిచ్చాడు. మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని, నంబర్ బతకగానే ఆమె అక్కడినుంచే టైం ఆఫీసుకు ఫోన్ చేసింది. కొత్త ఫోన్ వాడకం ఇంకా చేతికి పట్టక స్పీకర్ ఆన్ అయింది. అవతలి గొంతు మా అందరికీ వినపడింది.

"మూడు రోజులు చేసినమమ్మా. స్విచ్చాఫ్ వచ్చింది. నీ తర్వాతి పేరు తీసుకున్నం. లిస్టు అయిపోయింది."

ఎప్పుడు చేశారని ఆమె అడిగింది. అతను చెప్పిన మూడు రోజులూ ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చిపోయిన తర్వాతివే. మొదటి ఫోన్ ఆ మర్నాడే చేశారు. ఆమె నన్ను అడిగిన రోజు సాయంత్రానికే నంబర్ బతికి ఉంటే ఆమె ఎత్తేది.

ఆమె ఫోన్ పెట్టేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె నా వైపు చూసి, నన్నే ఓదారుస్తున్నట్టు అంది. "మీరు మాత్రం ఏం జేస్తరు సారూ, సర్వర్ లేకపాయె."

అంజయ్య అల్మారా వైపు తిరిగి కవర్లు సర్దుకున్నాడు. ఒక్క మాట చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. తల ఊపాను. ఔను, ఏం చేస్తాం అన్నట్టు తల ఊపాను. అబద్ధం చెప్పినదానికన్నా ఆ తల ఊపినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

ఆ నెల మా టెరిటరీ రెండో స్థానంలో వచ్చింది. హైదరాబాద్‌లో ఒక హోటల్లో సభ పెట్టి, శాలువా కప్పి, పెద్ద స్క్రీన్ మీద మా లాంచ్ ఫొటోలు వేశారు. వాటిలో సుగుణమ్మ ఫొటో కూడా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆమె రుద్రారంలో ఒక హాస్టల్ వంటింట్లో పనికి కుదిరిందని అంజయ్య చెప్పాడు. నేను అడిగితే చెప్పాడు, తనంతట తాను చెప్పలేదు. మరుసటి ఏడాది రిటైరయ్యేదాకా నేను వెళ్లినప్పుడల్లా అతను లేచి కుర్చీ వేసేవాడు గానీ, చాయ్ మాత్రం మళ్లీ తెప్పించలేదు.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో ఉంటున్నాను. లక్డారం ఎంతో దూరం కాదు. వెళ్లి నిజం చెప్పి రావచ్చు. నాలుగుసార్లు బయల్దేరి, రెండుసార్లు ఊరి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే. మనం అమ్మేది డేటా అనుకుంటాం. ఎదుటి మనిషికి అది ఎవరో పిలిస్తే పలికే నంబర్. సిమ్ తీసి పారేసే ముందు, ఈ నంబర్ ఎక్కడెక్కడ రాసి ఉందో ఒక్కసారి అడగాలి. అడగడానికి అర నిమిషం చాలు. ఇక సర్వర్ సంగతి. ఆ నెలంతా అది ఒక్క రోజు కూడా ఆగలేదు.