బాలమణి అతికిన వైరు

ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్లకు దుస్తులు కుట్టే ఒక షెడ్డు ఉంది. బాలమణి పెళ్లైన కొత్తల్లో అక్కడ గుండీలు కుట్టడానికి చేరి, మిషన్ మీదికి మారి, చివరికి కత్తెర పట్టేదాకా వచ్చింది. రాజుల అంగరఖాలు, డాన్సు పిల్లల గాగ్రాలు, పోలీసు చొక్కాలు, అన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్లేవి. ఆమె భర్త హనుమంతు కొలువు కూడా ఆ చుట్టుపక్కలే. ఒక సినిమా నిర్మాణ సంస్థ ఆఫీసు నుంచి స్క్రిప్టులు, పాటల డిస్కులు తీసుకుని బండి మీద వెళ్లి ఎవరివి వాళ్లకు అందించి వచ్చేవాడు.

జూబ్లీహిల్స్‌లో రోడ్ల నంబర్లు ఒక వరుసలో ఉండవు. పెద్దవాళ్ల ఇళ్లకు పేర్లుండవు, ఎత్తైన గోడలే ఉంటాయి. హనుమంతుకు అవేవీ అడ్డం కాలేదు. ఏ గోడ వెనక ఎవరుంటారో, ఏ సందులోంచి దూరితే చెక్‌పోస్టు రద్దీ తప్పుతుందో అతనికి కంఠతా వచ్చు. ఆఫీసులో మేనేజరు త్రినాథరావు కోస్తా నుంచి వచ్చినవాడు. వచ్చిన కొత్తలో హనుమంతును వెనక కూర్చోబెట్టుకుని తిరిగే ఊరు నేర్చుకున్నాడు.

ఒక ఎండాకాలం పొద్దున హనుమంతు పళ్లు తోముకుంటూ తోముకుంటూ నల్లా దగ్గర కూలబడ్డాడు. మెదడులో చిన్న నరం మూసుకుపోయిందని ఆస్పత్రిలో చెప్పారు. అదృష్టం, మూతి వంకర పోలేదు. కాలూ చెయ్యీ ఆడాయి, మాట తడబడలేదు. రహమత్ నగర్‌లోని కిరాయి ఇంటి గుమ్మంలో దిష్టి తీసి లోపలికి పిలుస్తూ బాలమణి గండం గడిచిందనుకుంది.

మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటి రోజు మధ్యాహ్నానికే అతను తిరిగొచ్చాడు. తనంతట తాను రాలేదు. తమ గల్లీలో ఉండే ఆటో అతను రోడ్డు పక్కన బిత్తరపోయి నిలబడ్డ హనుమంతును చూసి, తాను ముందు నడుపుతూ ఇంటిదాకా వెంట తెచ్చాడు. హనుమంతు మంచం మీద కూర్చున్నాడు.

"అన్నీ గుర్తువడ్తున్న బాలా. గా బేకరీ గదే, గా పెట్రోల్ బంక్ గదే. గని గాడికెంచి ఎటు పోవాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

డాక్టరు బొమ్మలు చూపించి, గళ్లు గీయించి, ఏవేవో అడిగి చూశాడు. మనుషులు, మాటలు, చదివినవి అన్నీ భద్రంగానే ఉన్నాయట. చూసిన చోట్లను ఒకదానికొకటి ముడివేసే భాగం మాత్రం దెబ్బతిన్నదట. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ఓపిక పట్టాలన్నాడు. ఏం పని చేస్తావని అడిగితే, ఆఫీసులో పని అని హనుమంతు చెప్పాడు. బండి సంగతి డాక్టరు అడగలేదు. బాలమణి నోరు తెరవబోయి ఊరుకుంది. దారులు తెలియని హనుమంతును ఎవరు కొలువులో ఉంచుకుంటారు?

ఆ రోజుల్లో ఆమె శ్రీనగర్ కాలనీలో హిమజ అనే ఆమెకు జాకెట్లు కుట్టి ఇచ్చేది. హిమజ భర్త రఘునందన్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కారులో పెట్టుకున్న జీపీఎస్ డబ్బాను పక్కన పడేసి, కొత్తగా కొన్న ఫోనులోనే దారులు చూసుకుంటున్నాడు. ఆ డబ్బా సొరుగులో పడి ఉండడం బాలమణి చూసింది. మా ఆయనకు కొత్త కొత్త అడ్రసులు ఇస్తున్నారు, అది పనికొస్తుందేమో అని అడిగింది. రఘునందన్ సంతోషంగా ఇచ్చేశాడు. పేరు ఎలా కొట్టాలో, చోటు ఎలా గుర్తుపెట్టించాలో చూపించాడు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాడు. అందులో బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు అందుతున్నంతసేపే వెలుగుతుంది.

యూసుఫ్‌గూడలో బండ్ల వైరింగు చేసే జంగయ్య దాన్ని హ్యాండిల్ మీద బిగించాడు. కారు ఛార్జరు విప్పి, అందులో కరెంటును తగ్గించే ముక్కను సీటు కింద పెట్టి, తీగలు తిన్నగా బండి బ్యాటరీకి కలిపాడు. తెల్లారేసరికి బ్యాటరీ మొత్తం దిగిపోయింది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా మార్చాడు. ఈసారి సెల్ఫ్ నొక్కినప్పుడల్లా డబ్బా ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. కిక్కు కొట్టి స్టార్ట్ చేసుకోమన్నాడు. స్పీడ్ బ్రేకర్ల మీద ప్లగ్గు ఊడేది. వెలిగినా, తానెక్కడుందో ఆకాశాన్ని వెతుక్కుని తెలుసుకోవడానికి దానికి చాలాసేపు పట్టేది. అంతసేపూ హనుమంతు తన సొంత పేటలో, ఏదో తెలియని ఊరికి వచ్చినవాడిలా, రోడ్డు వారగా నిలబడేవాడు.

"ఇది కార్లకు పుట్టిన సామాను అక్కా, బండి మీద బతకది. రోజు నా కాడికి ఉరుకుడు గాదు, జర నువ్వే నేర్చుకో" అన్నాడు జంగయ్య విసుగ్గా. విసుక్కున్నా, టంకం పెట్టడం అతనే నేర్పాడు. కరిగే సీసాన్ని కాదు, ముందు తీగను వేడి చేయాలన్నాడు. మొదట్లో ఆమె అతుకులు బొబ్బల్లా వచ్చి చెయ్యి తగిలితే ఊడేవి. సూది పట్టిన వేళ్లు కదా, కుదిరాయి. ఊడే ప్లగ్గునే తీసేసి తీగలను లోపలే అతికింది. వానకు తడవకుండా షెడ్డులో మిగిలిన రెక్సిను, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్కు కలిపి డబ్బాకు తొడుగు కుట్టింది. వారానికోసారి దాన్ని విప్పి, దుమ్ము దులిపి, పచ్చగా చిలుము పట్టిన చోట్ల గీకి, టేపు చుట్టేది.

ఆదివారాలు ఇద్దరూ బండెక్కేవారు. ఆమె వెనక కూర్చుని, ప్రతి గేటు దగ్గరా ఆపించి, ఆ చోటును డబ్బాలో గుర్తుపెట్టించేది. హనుమంతు గేటు చూడగానే ఎవరిదో చెప్పేవాడు, ఆ ఇంట్లో తాను ఏ సినిమాకు ఏం అందించాడో కూడా చెప్పేవాడు. కానీ పక్క సందులోకి తిరగగానే, మనం యాడికెంచి వచ్చినం అని అడిగేవాడు.

అయినా రోజులు నడిచాయి. కొంచెం ఆలస్యంగానైనా అన్నీ చేరుతున్నాయి. కాలంతో పాటు మారుతున్నావయ్యా అని త్రినాథరావు ఆ డబ్బాను చూసి మెచ్చుకున్నాడట. ఆ సంగతి ఇంటికొచ్చి చెబుతూ హనుమంతు నవ్వలేదు.

బాలమణికి భయం పట్టుకున్నది వెనక కూర్చున్నప్పుడే. అతని తల రోడ్డు వైపు ఉండడం లేదు, డబ్బాలో దారి చూపే బాణం గుర్తు వైపు ఉంటోంది. చెక్‌పోస్టు దగ్గర ఒకసారి కారువాడు హారన్ కొట్టి తిట్టి పోయాడు. రోడ్డు చూడమని ఆమె అంటే, చూస్తనే ఉన్న అన్నాడు. ఆ మాట నమ్మడం ఆమెకు అవసరమైంది, నమ్మింది.

ఆపైన మెట్రో రైలు కోసం రోడ్లు తవ్వడం మొదలైంది. పాత డబ్బాలో పాత రోడ్లే ఉన్నాయి. రేకులు అడ్డం పెట్టిన చోటికే అది పొమ్మనేది. పక్కకు తిరిగితే అది మళ్లీ దారి లెక్క వేసుకునేదాకా హనుమంతు గుండె చేతిలో పట్టుకుని నడిపేవాడు. గుంతల్లో ఎగిరెగిరి తీగలు లాగుకుపోయేవి. ఒక వానాకాలం పొద్దున డబ్బా మినుకు మినుకుమంటోందని చెప్పాడు. ఆ రోజు షెడ్డులో పాట షూటింగు దుస్తుల హడావుడి. బాలమణి తొడుగు విప్పి, విడిన చోట గబగబా టంకం పెట్టి మూసేసింది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా బరువు అతుకు మీద పడకుండా తీగను కొంచెం వదులుగా వదిలి కట్టాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. సాయంత్రం సరిగ్గా చేద్దామనుకుంది.

సాయంత్రం అతను చెయ్యి గీరుకుపోయి వచ్చాడు. గుంతలో జారిండట. ఆమె పసుపు పెట్టింది, ఇంకేమీ అడగలేదు.

మర్నాడు షెడ్డులో పక్క మిషన్ లీలాకుమారి దగ్గర్లోని గుడి దారిలో పూలమ్మే శకుంతలమ్మ సంగతి చెప్పింది. ముందురోజు ఎవడో బండివాడు గుద్దితే చెయ్యి విరిగిందట. వాడు ఆగనైనా ఆగలేదట. హ్యాండిల్ మీద చిన్న టీవీ లాంటిది పెట్టుకున్నాడట. బాలమణి పాదం మిషన్ మీద అలాగే ఆగిపోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పి లేచి, బస్తీలో అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకుంది.

శకుంతలమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. షెడ్డు నుంచి పరామర్శకు వచ్చిందనుకుని కూర్చోమంది.

"తల వంచుకోని గా డబ్బనే చూస్కుంట వచ్చిండు బిడ్డా. గుద్దినంక తలెత్తి నా మొఖం చూసిండు. చూసి గూడ పోయిండు" అన్నది.

బాలమణి తన పేరు కూడా చెప్పలేకపోయింది. ఇచ్చిన మంచినీళ్లు అలాగే పక్కన పెట్టింది. లేచి వచ్చేసింది.

హనుమంతు ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. బండి నిలబెట్టగానే ఆమె తొడుగు విప్పింది. తాను పెట్టిన అతుకే సగం విడిపోయి, వెంట్రుకంత తీగ మీద వేలాడుతోంది. హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఆరిపోతోంది, కుడికి తిప్పితే వెలుగుతోంది.

"పూలామెను గుద్దింది నువ్వేనా?" అని అడిగింది.

అతను కాదనలేదు.

"ఎందుకు ఆగలే?"

"డబ్బ ఆరిపోయింది. కొట్టిన, ఎలిగింది. గంతల్నే ఆమె..." హనుమంతు బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. "బాణం గుర్తు కనవడ్తున్నది బాలా. దిగితే అది మళ్ల ఆరిపోతది. యాడున్ననో తెల్వకుంట గంత మంది నడుమ నిలబడుడు నాతోని కాలే."

ఆమె లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది. అది బట్టల కత్తెర. దానితో ఇంకేదీ కత్తిరించనివ్వదు ఆమె. ఆ కత్తెరతోనే రెండు తీగలూ పుటుక్కున తెంపేసింది. హనుమంతు చెయ్యి అడ్డం పెట్టబోయి మధ్యలోనే ఆపుకున్నాడు.

"అతికింది నేను. నీ తప్పు ఒక్కదే గాదు" అన్నది.

మరుసటి ఉదయం ఆమె ఒక్కతే త్రినాథరావు గదిలోకి వెళ్లి అంతా చెప్పింది. అతనికి మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రోజూ నా కళ్లముందే తిరిగాడు కదమ్మా. ఒక్క మాట చెప్తే నేనేం చేస్తాననుకున్నారు?"

"తీసేస్తరనుకున్నం సార్."

త్రినాథరావు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "తీసేసేవాణ్నేమోలే" అన్నాడు.

ఆ రోజే కొలువు పోయింది. శకుంతలమ్మ దగ్గరికి వెళ్దామంటే హనుమంతు తలూపాడు గానీ, ఆఫీసులో చెప్పినందుకు మాత్రం భార్యతో మాట్లాడడం మానేశాడు. తన లోపాన్ని తనకంటే ముందు ఆమె బజారులో పెట్టిందన్నది అతని బాధ. ఆమె ఆ బాధను కాదనలేకపోయింది, చేసిన పనికి విచారించనూ లేకపోయింది.

బస్తీలో శకుంతలమ్మ ముందు అతను చేతులు కట్టుకుని నిలబడి, తానేనని చెప్పాడు. తన తల సంగతి చెప్పలేదు. బాలమణే చెప్పింది. ముసలామె అంతా విన్నది. కేసు పెట్టనన్నది. క్షమించానని మాత్రం అనలేదు. మీ కష్టం మీది, నా చెయ్యి నాది అన్నది. పూలు ఎవరు గుచ్చుతారని బాలమణి అడిగితే, ఎవరున్నరు అన్నది.

అప్పటి నుంచి షెడ్డుకు పోయే ముందు బాలమణి వెళ్లి మాలలు కట్టి ఇచ్చేది. కుట్టు చేతులకు పూలు మొదట నలిగిపోయేవి. శకుంతలమ్మ కసురుతూ నేర్పింది.

కొన్ని నెలలకు త్రినాథరావు కబురు పెట్టాడు. సెట్టు సామాన్లు పెట్టే గోదాములో కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలట. బండి ముట్టకూడదు, బయటకు పంపరు. హనుమంతు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. పొద్దున బాలమణి వెంట షేర్ ఆటోలో వస్తాడు, ఆమె గేటు దాకా దింపి షెడ్డుకు వెళ్తుంది. సాయంత్రం అతని పని ముందు అయిపోతుంది. గోదాము నుంచి తిన్నగా, ఎక్కడా మలుపు లేకుండా పోగలిగిన చోటు ఒక్కటే ఉంది. అది శకుంతలమ్మ పూలబండి.

వేరే దారి లేక, బాలమణి వచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు. ఆమె చెయ్యి అతికింది గానీ మణికట్టు పూర్తిగా వంగదు. మాల బిగువుగా పడడం లేదని గుడికొచ్చేవాళ్లు అంటారు, ఆమె వింటుంది. హనుమంతు కూడా వింటాడు. బుట్టలోంచి చామంతుల తొడిమలు తుంచి ఆమె చేతికి అందేలా పేర్చి పెడతాడు.

ఇంట్లో ఇప్పుడు అవసరమైన మాటలు నడుస్తున్నాయి. ఉప్పు, మందులు, కిరాయి. డాక్టరు చెప్పిన ఓపిక కొద్దికొద్దిగా అరిగిపోతోంది గానీ దారులు తిరిగి రాలేదు. మొన్న ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పడింది. బాలమణి కొంగు తల మీద వేసుకుని గుడి దారికి పరుగెత్తింది. శకుంతలమ్మ పూల మీద పట్టా కప్పి, గొడుగు కింద ఒక పక్కకు జరిగి ఉంది. ఆమె జరిగి ఇచ్చిన చోట హనుమంతు కూర్చున్నాడు. ముసలామె చూపు రోడ్డు మీద ఉంది, అతని చూపు పట్టా మీద ఉంది. బాలమణి వాళ్లను కదపబుద్ధి కాక, వాన తగ్గేదాకా ఎదురుగా ఉన్న కొట్టు పంచన నిలబడింది.